కోటలో వంటిల్లు ఎక్కడ?



ప్రతి ఏడాదీ మన సావనీరులో దేశం గురించి, సమాజం గురించి, నిరుద్యోగం గురించి, సాహిత్యం గురించి పెద్ద పెద్ద వ్యాసాలు వస్తాయి. రావాలి కూడాను. వాటి నడుమ కంప్యూటరు ఆటలో ఇల్లు కట్టడం గురించి ఒకడు నాలుగు పేజీలు నింపాడంటే, "వీడికి వేరే పని లేదా?" అని మా గురువుగార్లు అనుకోవచ్చు. నిజంగానే నాకు వేరే పని లేదండి. ఇదే నా పని. దీనితోనే అన్నం తింటున్నాను. ఈ పని నాకు ఎలా పట్టుబడిందో, పట్టుబడక ముందు ఎలా భంగపడ్డానో, దానివల్ల మన విద్యార్థి సంఘాన్ని ఏమి అడగదలచుకున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు తెలియనివారి కోసం రెండు మాటలు. ఆన్‌లైన్ ఫాంటసీ గేము అంటే మన జానపద సినిమా లాంటిదే. రాజులు, మాంత్రికులు, రెక్కల గుర్రాలు, భూతాలు అన్నీ ఉంటాయి. తేడా ఏమిటంటే, సినిమాను మనం కుర్చీలో కూర్చుని చూస్తాం. ఇక్కడ మనమే ఒక వేషం వేసుకుని ఆ రాజ్యంలోకి దిగుతాం. మనతోపాటే వేర్వేరు దేశాల నుంచి వేలమంది అదే సమయానికి దిగుతారు. 1997లో వచ్చిన 'అల్టిమా ఆన్‌లైన్'లో ఆటగాళ్లు సొంతానికి ఇళ్లు సంపాదించుకుని సామాను సర్దుకున్నారు. 2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఇరవై ఏళ్లు దాటినా ఇంకా నడుస్తూనే ఉంది. ఇంత పెద్ద రాజ్యంలో కోటలుండాలి, పూటకూళ్ల ఇళ్లుండాలి, కమ్మరి కొట్లుండాలి. వాటికి బయటి గోడలతో సరిపోదు, లోపల గదులుండాలి. ఆ గదులను గడప దగ్గర్నుంచి దూలం దాకా ఎవరో ఒకరు కూర్చుని తయారు చెయ్యాలి. ఆ ఎవరో ఒకరిలో మన హైదరాబాదు కుర్రాళ్లు కూడా ఉన్నారు. బయటి దేశాల కంపెనీల ఆటలకు బల్లలు, పీపాలు, దీపపు స్తంభాలు, ఒక్కోసారి గదులకు గదులే ఇక్కడి స్టూడియోల్లో తయారై వెళుతున్నాయి.

నేను ఈ విద్య నేర్చుకున్నది అమీర్‌పేటలో. అమీర్‌పేట గురించి మీకు చెప్పాలా? మైత్రీవనం ముందు నిలబడి తలెత్తితే ఆకాశం కంటే బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. నాలుగడుగులు వేస్తే చాలు, చేతిలో ఎవరో ఒకరు ఏదో ఒక కోర్సు కరపత్రం పెడతారు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. సత్యం థియేటరు పోయి, 2023లో ఆ చోటే కొత్త మల్టీప్లెక్సు లేచింది. కరపత్రాలు మాత్రం పోలేదు. ఆ బోర్డుల సందులో, ఒక మూడో అంతస్తులో త్రీడీ నేర్పే ఇన్‌స్టిట్యూటు. పగలు అక్కడ, రాత్రి హాస్టల్లో. హాస్టలు గదిలో ఐదు మంచాలు, ఒక ఫ్యాను, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే పక్క హాస్టలు గోడ. ఆ గదిలో కూర్చుని నేను రాజభవనాలు కట్టేవాణ్ణి!

కోర్సు పూర్తయ్యాక ఒక స్టూడియోవారు పరీక్షకు పిలిచారు. పేరు అనవసరం. ఫాంటసీ రాజ్యంలో రాజుగారి కోట లోపలి భాగం తయారు చెయ్యాలి, వారం రోజులు గడువు. ఏడు రాత్రులు నేను సరిగా నిద్రపోలేదు. నలభై అడుగుల స్తంభాలు నిలబెట్టాను. పాలరాతి నేల పరిచాను. సింహాసనం వెనక రంగుటద్దాల కిటికీ, పైన పన్నెండు షాండ్లియర్లు, గోడలకు డాళ్లు, కత్తులు, సింహం తలలు, మూలన ఒక ఫైర్‌ప్లేసు. ఇవన్నీ ఎక్కడివి? కొన్ని ఇంటర్నెట్లో చూసిన ఇంగ్లీషు కోటలవి, కొన్ని నేనాడిన పాత ఆటలవి, కొన్ని డబ్బు కట్టి దించుకున్న రెడీమేడు ముక్కలు. హాస్టల్లో అందరూ చూసి, "ఇంకేముంది, ఉద్యోగం వచ్చినట్టే" అన్నారు.

పరీక్ష చూసినాయన నాకంటే పదేళ్లు పెద్ద. ఆ కోటలో మౌనంగా ఐదు నిమిషాలు తిరిగాడు. తర్వాత అడిగాడు.

"తమ్మీ, రాజుగారికి అన్నం ఎక్కడ వండుతరు?"

నేను నీళ్లు నమిలాను.

"ఈ పొయ్యి పొగ ఎటు పోతది? బయట చూస్తే గొట్టమే లేదు గదా. సరే, పన్నెండు దీపాలు నలభై అడుగుల ఎత్తుల పెట్టినవ్. పొద్దుగూకినంక వాటిని ఎవరు ముట్టిస్తరు? నిచ్చెన ఉన్నదా? తాడు కట్టి కిందికి దించుతరా? దించితే ఆ తాడు కట్టేసే కొక్కెం ఏది?"

చివరికి సింహాసనం పక్కనున్న తలుపు తీశాడు. దాని వెనక గోడ ఉంది. అందం కోసం పెట్టిన తలుపు అది.

"ఇది ఇల్లు కాదు తమ్మీ, ఫంక్షను హాలు. రాత్రికి లైట్లు ఆర్పి అందరు ఎవరింటికి వాళ్లు పోతరు. ఇండ్ల ఉండేటోళ్లు ఎవరూ లేరు."

ఉద్యోగం రాలేదు. ఆ సాయంత్రం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా నడుచుకుంటూ పోయి, దారి పొడుగునా ఆయన్ను తిట్టుకున్నాను. నా వాదన ఇది. డ్రాగను ఎగిరే దేశంలో పొగగొట్టం గురించి ఎవడడుగుతాడు? మంత్రం వేసి దీపాలు వెలిగించుకోరా? ఫాంటసీ అంటేనే లేనిది గదా, లేనిదానికి లెక్కలేమిటి?

చాలామంది మిత్రులు ఇప్పటికీ ఈ వాదనే చేస్తుంటారు. ఇది తప్పుడు వాదన అని నా అభిప్రాయం. ఎందుచేతనంటే, అబద్ధానికే సాక్ష్యం ఎక్కువ కావాలి. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడనివాళ్లు మనలో ఉండరు. ఘటోత్కచుడి ముందు లడ్లు వాటంతట అవే లేచి నోట్లోకి పోతాయి. నమ్ముతామా? నమ్ముతాం. ఎందుకు నమ్ముతాం? అవి ప్రతి పెళ్లింట్లో మనం చూసిన లడ్లు గనుక; చుట్టూ ఉన్నవి పెళ్లింటి వంటకాలు, పెళ్లింటి పాత్రలు గనుక. మాయ ఒక్కటే, తక్కినవన్నీ నిజాలు. పది నిజాల మధ్య ఒక అబద్ధం పెడితే అది కథ అవుతుంది. పది అబద్ధాల మధ్య పదకొండో అబద్ధం పెడితే ఎవరికి కావాలి? గోఖలే, కళాధర్ అనే ఇద్దరు కళాదర్శకులు ఆ సినిమాకు ద్వారకను కట్టారు. చిన్న చిన్న బొమ్మ ఇళ్లతో పేర్చిన ఊరు అది. అయినా వీధులు వీధుల్లా, మేడలు మేడల్లా ఉండబట్టి ఇన్నేళ్ల తర్వాత కూడా మనం దాన్ని ఊరనే అనుకుంటున్నాం.

మంత్రంతో దీపం వెలిగే రాజ్యమైనా ఫరవాలేదు. అప్పుడు ఆ గోడలకు మసి ఉండకూడదు, బజారులో నూనె కొట్టు ఉండకూడదు, ఆ ఇంటి పిల్లలకు చీకటంటే ఏమిటో తెలియకూడదు. అదీ ఒక లెక్కే. ఏదో ఒక లెక్క ఉండాలి.

లేని ఇళ్లు కట్టే పని అమీర్‌పేటకు కొత్తదేమీ కాదు. కోచింగు సెంటర్లు రాకముందే, 1950లలోనే సారథి స్టూడియో ఇక్కడ వెలిసింది. హైదరాబాదులో మొదటి సినిమా స్టూడియో అదే అంటారు. ప్లైవుడ్డు, గోనెపట్ట, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లతో రోజుల్లో ఇల్లు లేపి, షూటింగు కాగానే పడగొట్టే పనివాళ్లకు ఆ వీధులు అలవాటే. అయితే వాళ్ల పనికీ మా పనికీ ఒక భేదం ఉంది. సినిమా సెట్టుకు సాధారణంగా మూడు గోడలు చాలు. నాలుగో వైపు కెమెరా ఉంటుంది. అది డైరెక్టరు చెప్పినవైపే చూస్తుంది. ఆటలో గదికి వేల కళ్లు. ఒకడు బల్ల కింద దూరుతాడు, ఒకడు అటక ఎక్కుతాడు, ఒకడు తలుపు వెనక నిలబడి పైకప్పుకేసి చూస్తాడు. "అటు చూడకండి బాబూ" అని చెప్పడానికి అక్కడ డైరెక్టరు లేడు. కాబట్టి ఆటగది కట్టేవాడు నిజం మేస్త్రీకి మరికాస్త దగ్గరగా ఉండాలి.

అలాగని ఉన్న ఇంటిని ఉన్నట్టు దించితే సరిపోతుందా? సరిపోదు. ఇక్కడే ఈ పనిలోని కిటుకు ఉంది. ఇలాంటి ఆటలు చాలావాటిలో మన మనిషి వీపు వెనక, కాస్త ఎత్తున, ఒక కెమెరా వెంటాడుతూ ఉంటుంది. గదిని నిజమైన కొలతలతో కడితే ఆ కెమెరా గోడకు కొట్టుకుంటుంది; ఆటగాడికి తన వీపూ గోడా తప్ప మరేమీ కనిపించవు. అందుకని గది వెడల్పు పెంచుతాం, తలుపు ఎత్తు పెంచుతాం, కప్పు పైకి లేపుతాం. కానీ చెంబు, పీట, మంచం మనిషి కొలతకు దగ్గరగానే ఉంచాలి. వాటిని కూడా పెంచితే రాజుగారు మరుగుజ్జు అయిపోతాడు. మెట్ల సంగతి ఇంకా తమాషా. నిజం ఇంట్లో మెట్టు ఎత్తు ఆరేడు అంగుళాలు. ఆటలో కంటికి మెట్లే కనిపిస్తాయి గానీ, చాలాసార్లు వాటి కింద కనిపించని ఏటవాలు బల్ల ఒకటి దాచిపెడతాం. లేకపోతే మనిషి ప్రతి మెట్టుకూ ఎగిరెగిరి పడతాడు. మంది సంగతీ చూసుకోవాలి. పూటకూళ్ల ఇంట్లోకి ఒక్కోసారి నలభై మంది వస్తారు. దుకాణదారును ఇరుకు మూలన నిలబెడితే గుంపులో అతను ఎవరికీ కనిపించడు.

యంత్రానికి కూడా ఓపిక తక్కువ. కనిపించేదాన్నంతా సెకనుకు 30 సార్లో, 60 సార్లో కొత్తగా గీస్తూ ఉండాలి. ఒక గదిలోంచి పది గదులు కనిపిస్తే చతికిలబడుతుంది. అందుకని నడవను ఒక మలుపు తిప్పుతాం. మలుపు వెనకది కనిపించదు గనుక గీయనక్కరలేదు. ఇది ఎవరో అమెరికావాడు కనిపెట్టిన ఉపాయమని నేను చాలాకాలం అనుకున్నాను. తర్వాత తెలిసింది, మన పాతబస్తీ దేవిడీల్లో వీధి గుమ్మంలోంచి లోపలి జెనానా కనబడకుండా దారిని అడ్డగోడతో మలుపు తిప్పేవారని. వాళ్లకు పరదా కోసం, మాకు యంత్రం కోసం. ఉపాయం ఒక్కటే.

ఇన్ని సర్దుబాట్ల తర్వాత కూడా ఆ గదిలో ఎవరో ఉంటున్నారని అనిపించాలి. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో గోల్డ్‌షైర్ అనే చిన్న ఊళ్లో ఒక పూటకూళ్ల ఇల్లుంది. దానికి వంటగది ఉంది, పైన పడకగదులున్నాయి, కింద నేలమాళిగ ఉంది. ఆటలో అది మొదటి మెట్టు ఊరు; ఆరితేరినవాళ్లకు అక్కడ పనేమీ లేదు. అయినా వచ్చి ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. నా కోటలో మాత్రం సింహాసనం తప్ప కూర్చునే చోటే లేదు!

మరి ఈ లెక్కలు నాకెవరు నేర్పారు? యంత్రం లెక్కలు ఇన్‌స్టిట్యూటువాళ్లు నేర్పారు. మనిషి లెక్కలు మా నాయనమ్మ నేర్పింది.

ఉద్యోగం రాక ఊరికి పోయాను. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మా తాత కట్టించిన భవంతి పంపకాల్లో ముగ్గురన్నదమ్ములకు పడింది. ముగ్గురూ కలిసి తేల్చిందేమంటే, దాన్ని పడగొట్టి మూడు స్లాబు ఇళ్లు వేసుకోవాలని. వాళ్లను తప్పుపట్టను. పెంకులు కారుతున్నాయి, గోడలు ఉబ్బుతున్నాయి, బాగుచేయించే డబ్బు ఎవరి దగ్గరా లేదు. నెల రోజుల్లో పని మొదలు. నేను ఏమీ తోచక, కోపం తీరక, మేస్త్రీని అడిగి టేపు తెచ్చుకుని ఇల్లంతా కొలవడం మొదలుపెట్టాను. నాయనమ్మ నా వెనకే తిరిగేది.

"ఏంది బిడ్డా, కూలగొట్టే ఇంటిని కొలుస్తున్నవ్? కొలిచి ఏం జేస్తవ్?" అనేది. అంటూనే ఒక్కొక్కటే చెప్పుకొచ్చేది.

పెద్ద దర్వాజ ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మా తాత ఆరడుగుల మనిషి. "వచ్చినోడు తల వంచి రావాలె, అందుకే" అన్నది నాయనమ్మ. గడప కుడివైపు అరిగి గుంత పడింది, ఎడమవైపు కొత్తదానిలా ఉంది. ఎందుకంటే ఎడమ రెక్క ఎప్పుడూ వేసే ఉండేది. పెళ్లికో, చావుకో తప్ప రెండు రెక్కలూ తెరిచేవారు కాదట. గోడల మందం రెండడుగులు, వాటిలో గూళ్లు. దీపం పెట్టిన ప్రతి గూటి పైన మసి తోకలా సాగి ఉంది. మందులు పెట్టుకునే గూటికి లేదు. వంటర్ర దూలాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి, పురుగు ముట్టలేదు. పొగ లేని అర్రల దూలాలను చెద తినేసింది. నడిమి దూలానికి ఒక కొక్కెం. దాని ఎదురుగా గోడమీద, నేలకు రెండున్నర అడుగుల ఎత్తున, అరచేయంత నూనె మరక. "నీ నాయనను, నీ అత్తలను అందర్నీ గా ఊయలల్నే ఊపిన. గోడకు తల ఆనిచ్చి, కాలికి తాడు కట్టుకుని ఊపుకుంట నేనే నిద్రపోతుంటి" అన్నది.

నేను టేపు కింద పెట్టి చాలాసేపు ఆ మరకను చూస్తూ కూర్చున్నాను. ఆ స్టూడియో ఆయన పొగ పేరు పెట్టి మనిషిని అడిగాడని నాకప్పుడు అర్థమైంది. కొక్కెం ఒకచోట, మరక ఇంకోచోట. రెంటి మధ్యా ఒక తల్లి, ఒక పిల్ల, ఒక తాడు. గదిలో ఎవరూ లేకపోయినా అందరూ ఉన్నారు.

తిరిగి వచ్చి అదే కోటను మళ్లీ కట్టాను. ఈసారి వంటిల్లు ముందు కట్టాను, దాని పక్కన బావి. వంటింటి నుంచి భోజనశాలకు వంటవాళ్లు నడిచే సన్నని దారి ఒకటి తీస్తే, ఆ దొంగ తలుపుకు అర్థం వచ్చింది. పన్నెండు షాండ్లియర్లు మూడయ్యాయి. ఒక్కోదానికి ఒక తాడు, గోడకు కొక్కెం, తాడు రాసుకున్న గీత. సింహాసనం చిన్నదైంది, దాని ముందు మెట్టు నడుమ అరిగింది. ఆ కోట చూపిస్తే ఇంకొకచోట పని దొరికింది. మహారాజ వైభవమేమీ కాదు. మొదటి ఏడాదంతా నాచేత పీపాలు చేయించారు. కానీ నా పీపాలన్నీ దొర్లించిన వైపే అరిగి ఉంటాయి!

ఇక మన ఊరి సంగతికి వద్దాం. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వైపు వెళితే, పంజాగుట్ట తర్వాతి స్టేషను ఎర్రమంజిల్. ఆ పేరుగల మేడ గుట్టమీద ఉంది. 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించాడు. 150కి పైగా గదులు. మనవాళ్లు ఆ గుట్టను ఎర్రగడ్డ అంటుంటే, ఆయన ఆ శబ్దానికి దగ్గరగా స్వర్గవనమనే అర్థం వచ్చే 'ఇరమ్' అనే పేరు ఎంచుకున్నాడట. తర్వాతి కాలంలో అందులో ప్రభుత్వ ఇంజనీర్ల ఆఫీసులు చాలాకాలం నడిచాయి. 2019 జూన్‌లో ఆ చోట కొత్త శాసనసభా భవనం కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. కొందరు కోర్టుకెక్కారు. అదే ఏడు సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. మేడ నిలిచింది.

ఈ మేడకు కూతవేటు దూరంలో, అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో, 'ఫాంటసీ ప్యాలెస్' ఎలా ఉంటుందని వందలమంది కుర్రాళ్లు ఇంటర్నెట్లో వెతుక్కుంటున్నారు. నేనూ వెతుక్కున్నాను. రోజూ ఆ గుట్ట కిందనుంచి పోతూ ఒక్కసారీ తలెత్తి చూడలేదు. ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ఆ నవాబు మాత్రం చేసిందేమిటి? ఐరోపా తరహా మేడ కట్టి ఐరోపా తరహా సామానే పెట్టుకున్నాడు గదా? నిజమే. నకలు చెయ్యడం పాపమని నేననను. కానీ ఆ నకలు మేడలో ఒక హైదరాబాదు సంసారం బతికింది. ఆ ఎండకు తట్టుకోవాలి, ఆ వంటలు వండాలి, ఆ వచ్చిపోయేవాళ్లకు మర్యాదలు జరగాలి. అలా బతికిన ప్రతి మేడా తనలో ఉన్నవాళ్లకు తగినట్టు కొంచెం కొంచెం మారుతుంది. ఆ కొంచెం ఫోటోలో రాదు. కొలిస్తే వస్తుంది, అడిగితే వస్తుంది.

నా మాటకు రెండు అభ్యంతరాలు చెబుతారని తెలుసు.

మొదటిది అధ్యాపకులది. ఆటలు పిల్లల్ని పాడుచేస్తున్నాయి, నువ్వు వాటికి వత్తాసు పలుకుతున్నావు అని. రాత్రంతా ఆడి పొద్దున క్లాసులో కునికేవాణ్ణి నేను వెనకేసుకు రావడం లేదు. అయితే ఆడటం వేరు, తయారు చెయ్యడం వేరు. సినిమా చూసి చెడిపోయినవాడున్నాడని సెట్టు వేసే మేస్త్రీని ఎవరూ తప్పుపట్టలేదు. పైగా ఈ పని ఒక్క కంప్యూటరు చదివినవాడి వల్ల అయ్యేది కాదు. దూలం ఎంత బరువు మోస్తుందో సివిల్ విద్యార్థి చెప్పాలి. ఆ ఇల్లు ఏ కాలానిదో చరిత్ర విద్యార్థి చెప్పాలి. అర్ర, సాయబాను, అటక, చిలక్కొయ్య, ఉట్టి, గోలెం అనే మాటలను తెలుగు విద్యార్థి రాసిపెట్టాలి. ఎందుచేతనంటే ఇల్లు కూలిన రోజున ఆ మాటలూ కూలుతున్నాయి.

రెండోది తోటి కుర్రాళ్లది. కృత్రిమ మేధ వచ్చింది, 'రాజుగారి కోట' అని టైపు చేస్తే క్షణంలో బొమ్మ గీసిపెడుతుంది, ఇంకా ఈ టేపులెందుకని. నేనూ అడిగి చూశాను. బ్రహ్మాండమైన కోట వచ్చింది. స్తంభాలున్నాయి, షాండ్లియర్లున్నాయి. వంటిల్లు లేదు! అచ్చం నా మొదటి కోటే. అందులో ఆశ్చర్యమేముంది? లోకం దానికి ఏ బొమ్మలు చూపించిందో వాటినే అది కలిపి మనకు తిరిగి ఇస్తుంది. ఇంగ్లీషు కోటల బొమ్మలు లక్షలున్నాయి. మా నాయనమ్మ వంటర్ర బొమ్మ ఎవరు తీశారు? చార్మినారు దగ్గర చెక్కపనికి పేరుపడ్డ మాల్వాలా ప్యాలెస్ ఇవాళ లేదు. పేరున్న ప్యాలెస్సుకే దిక్కు లేనప్పుడు పల్లెటూరి భవంతిని అడిగేదెవరు? మనం రాసిపెట్టనిది ఏ యంత్రానికీ తెలియదు. రేపు మన మనవలు ఆటల్లోకి దిగితే, వాళ్లకు లోకంలో ఇళ్లంటే ఫైర్‌ప్లేసు ఉన్నవే కనిపిస్తాయి. ఇది నవ్వుకునే విషయం కాదు.

కనుక మన విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. ప్రతి ఏడాదీ సంక్రాంతి సెలవులకు ఇళ్లకు పోతాం గదా. ఇష్టమున్న ప్రతి విద్యార్థీ ఒక పాత ఇంటిని, తనదైనా మేనమామదైనా, ఇంటివాళ్ల అనుమతితో కొలిచి తేవాలి. నాలుగంటే నాలుగు పనులు. ఒకటి, గదుల పొడవు, వెడల్పు, ఎత్తు, గోడల మందం కాగితం మీద గీయడం. రెండు, అరిగినవీ మసిబారినవీ మరకపడ్డవీ ఎక్కడెక్కడున్నాయో, నేలనుంచి ఎంత ఎత్తున ఉన్నాయో గుర్తుపెట్టడం. మూడు, ఆ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఎవరు ఏ గదిలో ఏం చేసేవారో అడిగి వాళ్ల మాటల్లోనే రాయడం. నాలుగు, ఫోన్లో ఫోటోలు తీయడం. మూలలవీ, కప్పువీ, తలుపుల వెనకవీ కూడా. ఇవన్నీ మన లైబ్రరీలో ఒక బీరువాలో, ఒక కంప్యూటరులో ఉంచాలి. దీనికి నిధులు అక్కరలేదు. సంఘం ఎన్నికల్లో పోస్టర్లకు పెట్టే ఖర్చులో పదోవంతు పెడితే కాలేజీకి సరిపడా టేపులు వస్తాయి!

ఏడాదికి యాభై ఇళ్లు వచ్చినా పదేళ్లలో ఐదువందల ఇళ్లు. అప్పుడు అమీర్‌పేటలో కోట కట్టబోయే కుర్రవాడికి ఇంగ్లీషు కోటలతోపాటు చూసుకోవడానికి ఇంకొకటి ఉంటుంది. అతను కట్టేది డ్రాగన్ల రాజ్యమే కావచ్చు. అందులో ఒక గూటికి మసి తోక, ఒక గడపకు ఒకవైపు అరుగుదల ఉంటే, ఎక్కడో బ్రెజిల్‌లో కూర్చుని ఆడేవాడికి కూడా ఇక్కడెవరో బతుకుతున్నారని తెలుస్తుంది. ఎందుకలా అనిపించిందో అతనికి తెలియనక్కరలేదు.

మా ఇల్లు పోయింది. ఆ జాగాలో మూడు స్లాబు ఇళ్లు లేచాయి, బాగానే ఉన్నాయి. నా దగ్గరున్న కొలతలతో పాత ఇంటిని కంప్యూటరులో కట్టి, పోయిన దసరాకు నాయనమ్మ ముందు పెట్టాను. కీ నొక్కుతూ ఒక్కో అర్రలోకి తీసుకుపోయాను. ఏమీ మాట్లాడకుండా చూసింది. కొక్కెం చూసింది, మరక చూసింది. వంటర్రలోకి వచ్చాక తెరకు దగ్గరగా వంగింది.

"అంత మంచిగనే చేసినవ్ గని, పొయ్యి పక్కన నా పీట ఏది బిడ్డా?" అన్నది.

పీటను నేను కొలవలేదు. అది సామాను, ఇల్లు కాదనుకున్నాను. ఎంత ఎత్తుండేదని అడిగితే రెండు చేతులూ చాపి చూపించింది. ఆ చేతుల మధ్య టేపు పెట్టి కొలుచుకున్నాను.

మీ ఇళ్లల్లో ఇలా చేతులు చాపి చూపించగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ సెలవులకే బయలుదేరండి.

— ఒక పూర్వ విద్యార్థి